కాంటనీస్ ఇంటి పెళ్లి: ముహూర్తం నుంచి మూడో నాటి పుట్టింటి రాక వరకు ఏది ఎలా జరపాలి

సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో హాంగ్‌కాంగ్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబం చైనా సంతతి వారితో వియ్యమందినప్పుడు, హాలు, భోజనాలు, ఫొటోలు వంటి పనులన్నీ ఎవరో ఒకరు చూసుకుంటారు. ఇంటి లోపల, పెద్దల ఎదుట జరిగే ఆచారాల్లో తమ పాత్ర ఏమిటో ముందుగా తెలియకపోవడం వల్లనే అమ్మాయి తరఫువారికైనా అబ్బాయి తరఫువారికైనా ఇబ్బంది కలుగుతుంది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం నుంచి వచ్చిన కాంటనీస్ కుటుంబాల పద్ధతిని వరుసగా, మీరు జరుపుకోవడానికి వీలుగా ఇక్కడ వివరిస్తున్నాను. హొక్కియెన్, తియోచ్యూ, హక్కా కుటుంబాల ఆచారాలు కొన్ని చోట్ల దీనికి భిన్నంగా ఉంటాయి. కనుక వియ్యాలవారు ఏ సమూహానికి చెందినవారో, వారి ఇంట్లో ఏవి తప్పనిసరో, వేటిని వదిలేశారో అడిగి రాసుకోవడమే మీరు చేయవలసిన మొట్టమొదటి పని. ఈ తంతులన్నింటిలోకీ పెద్దలకు తేనీరు అందించే ఘట్టమే ప్రాణమని నా దృఢమైన అభిప్రాయం. సమయం చాలకపోతే మిగిలినవాటిలో దేన్నయినా కుదించండి, దాన్ని మాత్రం కుదించకండి.

ముహూర్తం, నమోదు

ప్రాచీన జౌ రాజవంశ కాలం నుంచి చైనా వివాహానికి ఆరు కర్మలు చెప్పబడ్డాయి: సంబంధం అడగడం, అమ్మాయి పేరూ పుట్టిన వివరాలూ కోరడం, పొంతన చూడటం, కానుకలు పంపడం, ముహూర్తం నిశ్చయించడం, వరుడు స్వయంగా వెళ్లి వధువును తీసుకురావడం. నేటి ఇళ్లలో మొదటి మూడూ దాదాపు మాటల్లోనే ముగుస్తాయి, చివరి మూడూ నిజంగా జరుగుతాయి. మనం సగోత్రాన్ని వర్జించినట్లే వారు పూర్వం ఒకే ఇంటిపేరు గలవారి మధ్య పెళ్లిని వర్జించేవారు. ఇప్పటికీ కొందరు వృద్ధులు ఆ సంగతి వాకబు చేస్తారు కనుక వారు అడిగితే నొచ్చుకోవలసిన పని లేదు.

ముహూర్తాన్ని సాధారణంగా వరుడి ఇంటివారు చూపించి వధువు ఇంటివారి సమ్మతి కోసం పంపుతారు. పుట్టిన సంవత్సరం, నెల, రోజు, ఘడియ అనే నాలుగింటికి రెండేసి అక్షరాల చొప్పున ఎనిమిది అక్షరాలు ఏర్పడతాయి. వాటినీ, తుంగ్ షింగ్ అనే పంచాంగాన్నీ కలిపి రోజు నిర్ణయిస్తారు. అందువల్ల మీ పిల్లల పుట్టిన సమయాన్ని, పుట్టిన ఊరితో సహా, ముందే రాసి ఇవ్వండి. చాంద్రమానపు ఏడో నెల ప్రేతాల నెల కావడం వల్ల ఆ నెలలో పెళ్లి పెట్టరు. వసంతారంభంగా భావించే లీ చున్ అనే రోజు ఫిబ్రవరి 3, 4, 5 తేదీల్లో ఏదో ఒకనాడు వస్తుంది. చాంద్రమాన సంవత్సరం మొత్తంలో ఆ రోజు పడకపోతే ఆ ఏడాది పెళ్లికి మంచిది కాదని ఒక నమ్మకం ఉంది. 2024 ఫిబ్రవరి 10న మొదలైన డ్రాగన్ సంవత్సరంలో ఆ రోజు లేదు. 2025 జనవరి 29న మొదలైన సర్ప సంవత్సరంలో అది రెండుసార్లు వచ్చింది. ఇటువంటివాటిని పట్టించుకునే కుటుంబమో కాదో తెలుసుకోకుండా హాలుకు అడ్వాన్సు కట్టకండి.

చట్టప్రకారం జరిగే నమోదు ఈ ఆచారాలకు పూర్తిగా వేరు. పెళ్లి చైనాలోనే అయితే వరుడికి 22, వధువుకు 20 ఏళ్లు నిండి ఉండాలి. సింగపూర్, మలేషియాల్లో నమోదు కొన్ని నెలల ముందే ముగించి, ఆచారాలు జరిగిన రోజునే అసలు పెళ్లిగా ఎంచే కుటుంబాలు చాలా ఉన్నాయి. కాబట్టి ఊరి నుంచి వచ్చే బంధువులకు టికెట్లు తీసేటప్పుడు రెండు తేదీల్లో ఏది ఏదో స్పష్టంగా అడగండి.

గ్వో దా లీ: కానుకల రాకపోకలు

పెళ్లికి రెండు నుంచి నాలుగు వారాల ముందు, ఒక మంచి రోజున వరుడి తరఫువారు కానుకలతో వధువు ఇంటికి వస్తారు. మాండరిన్‌లో దీన్ని గ్వో దా లీ అంటారు. ఎండబెట్టిన సముద్రపు పదార్థాలు, పుట్టగొడుగులు, కోళ్లు, పంది మాంసం, చేపలు, మద్యం, కొబ్బరికాయలు, తేయాకు, నువ్వులు, పెళ్లి కేకులు, డ్రాగన్, ఫీనిక్స్ బొమ్మలున్న ఎర్ర కొవ్వొత్తులు, ఎర్ర కవరులో కన్యాశుల్కం అందులో ఉంటాయి. తేయాకు పెట్టడానికి ఒక పాత కారణం ఉంది: తేయాకు మొక్కను ఒకసారి నాటాక పెకలించి మరోచోట పెడితే బతకదని పూర్వులు భావించారు కనుక అది స్థిరత్వానికి గుర్తయింది. ప్రతి వస్తువూ జంటగా, సరిసంఖ్యలో ఉండాలి.

మీరు వధువు తరఫువారైతే, వచ్చినదంతా లోపల పెట్టేసుకోవడం మర్యాద కాదన్న విషయం ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. ప్రతి కానుకలోనూ కొంత భాగాన్ని, కన్యాశుల్కంలో కొంత మొత్తాన్ని తిరిగి ఇవ్వడం ఆచారం, దానికి తోడు వరుడికి దుస్తులు, బెల్టు, పర్సు వంటివి పెడతారు. ఎంత తిరిగి ఇవ్వాలన్నది ఇంటింటికీ మారుతుంది కనుక, ఆ లెక్కను ఆ రోజున అందరి ఎదుట కాకుండా ముందే ఇద్దరు పెద్దలు కూర్చుని తేల్చుకోవాలి. శాకాహారులైన తెలుగు కుటుంబం మాంసం, మద్యం వద్దని ముందుగా చెబితే వాటి స్థానంలో పండ్లు, డబ్బున్న ఎర్ర కవరు పెట్టడానికి చాలామంది అభ్యంతరం చెప్పరు. వచ్చాక తిప్పి పంపితే మాత్రం అపశకునంగా భావించి బాధపడతారు.

డబ్బు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. పెళ్లిని అడ్డుపెట్టుకుని డబ్బు గుంజడాన్ని 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చైనా పౌర స్మృతి నిషేధిస్తుంది, కన్యాశుల్కపు వివాదాలపై అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన నియమాలు 2024 ఫిబ్రవరి 1 నుంచి అమలవుతున్నాయి. వరకట్నం వల్ల మన ఇళ్లలో ఆడపిల్లల తల్లిదండ్రులు పడ్డ అవస్థ తెలిసిన మనం, దిశ మారిన అదే భారాన్ని మరో కుటుంబం మీద మోపకూడదు. 8 అంకెతో ముగిసే ఒక చిన్న మొత్తాన్ని గుర్తుగా తీసుకుని, అందులో సగం తిరిగి ఇస్తే ఆచారమూ నిలుస్తుంది, ఎవరికీ బరువూ ఉండదు.

వధువు తన వెంట తీసుకెళ్లే సారెలో పరుపు బట్టలు, తేనీటి పాత్రలు, జంట గిన్నెలు, చాప్‌స్టిక్‌లు, ఎర్ర గొడుగు, సంతానవృద్ధికి గుర్తుగా ఒక ఎర్ర తొట్టి ఉంటాయి. ఇవన్నీ పెళ్లి సామాన్ల దుకాణాల్లో ఒకే సెట్టుగా దొరుకుతాయి.

మంచం సర్దడం, తల దువ్వడం

పెళ్లికి కొద్ది రోజుల ముందు కొత్త దంపతుల మంచాన్ని శుభ ఘడియలో సరైన చోటికి జరిపి, ఎర్రని కొత్త దుప్పట్లు పరుస్తారు. భర్త, కొడుకులు, కూతుళ్లు ఉండి సుఖంగా కాపురం చేస్తున్న స్త్రీ ఈ పని చేయాలి. మన ముత్తైదువను పిలిచినట్లే వారు ఆమెను పిలుస్తారు. ఎండు రేగుపండ్లు, వేరుశనగకాయలు, లిచీని పోలిన లాంగన్ పండ్లు, తామర గింజలు పరుపు మీద చల్లి, చిన్న పిల్లల్ని దాని మీద దొర్లనిస్తారు. ఆ తర్వాత పెళ్లి రాత్రి వరకు ఆ మంచం మీద ఎవరూ కూర్చోకూడదు. తెలుగు బంధువులు ఇల్లు చూడటానికి వచ్చి అలవాటుగా మంచం మీద కూర్చునే ప్రమాదం ఉంది కనుక ఆ గది తలుపు వేసి ఉంచండి.

పెళ్లి ముందు రాత్రి వధూవరులకు ఎవరి ఇంట్లో వారికి తల దువ్వే కర్మ జరుగుతుంది. పంపరపనస ఆకులు వేసి కాచిన నీళ్లతో స్నానం చేసి, కొత్త రాత్రి దుస్తులు, ఎర్ర చెప్పులు ధరించి కూర్చోవాలి. కొవ్వొత్తులు, అగరుబత్తులు వెలిగించాక ఆ ముత్తైదువ జుట్టును మొదలు నుంచి కొస దాకా ఆపకుండా దువ్వుతూ, ఒక్కో దువ్వుకు ఒక్కో దీవెన పలుకుతుంది: కడదాకా కలిసి ఉండాలని, తలలు నెరిసేవరకు అన్యోన్యంగా ఉండాలని, ఇంటి నిండా పిల్లలు, మనవలు ఉండాలని. దీవెనల పాఠం ఇంటిని బట్టి కొంత మారుతుంది. వరుడికి ముందు జరిగి, కొంతసేపటికి వధువుకు జరగాలన్నది నియమం. రెండు ఇళ్లూ ఫోనులో సమయం సరిచూసుకుంటే చాలు. చివరిలో జిగట బియ్యప్పిండి ఉండలను తియ్యని నీళ్లలో ఉడికించి తింటారు. అమ్మాయి తెలుగింటిదైతే ఆమె తల్లే దువ్వెన పట్టుకోవడానికి వియ్యాలవారు సంతోషంగా ఒప్పుకుంటారు, దీవెన తెలుగులో చెప్పినా సరిపోతుంది.

పెళ్లి ఉదయం

వరుడు స్నేహితులతో వధువు ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆమె స్నేహితురాళ్లు తలుపు మూసి ఆటలు పెడతారు: పులుపు, తీపి, చేదు, కారం రుచి చూపించడం, పాట పాడించడం, ఎర్ర కవర్ల కోసం బేరమాడటం. దీనికి అరగంటకు మించి సమయం ఇవ్వకండి, ఎందుకంటే ఇక్కడ జారిన ప్రతి నిమిషమూ తర్వాత తేనీటి ఘట్టం నుంచే కోత పడుతుంది. కాంటనీస్ పెళ్లిళ్లలో దాయ్ కమ్ జె అనే అనుభవజ్ఞురాలిని రుసుము ఇచ్చి కుదుర్చుకుంటారు, కార్యక్రమం ఆసాంతం ఆమె వధువు పక్కనే ఉండి దీవెన వాక్యాలు చదువుతూ నడిపిస్తుంది. రెండు సంస్కృతుల పెళ్లిలో ఆమె కోసం పెట్టే ఖర్చు నిజంగా పెట్టదగిన ఖర్చు.

ఇల్లు వదిలేటప్పుడు వధువు తల మీద ఎర్ర గొడుగు పట్టి బియ్యం చల్లుతారు. దుష్టశక్తుల చూపు బియ్యం మీదికి మళ్లి అమ్మాయిని వదిలేస్తుందని నమ్మకం. మన అక్షతలు దీవెనలు, వారి బియ్యం రక్ష. రెండింటి ఉద్దేశమూ వేరు కనుక, మీరు అక్షతలు వేయాలనుకుంటే ఎప్పుడు, ఎందుకు వేస్తున్నారో వియ్యాలవారికి ముందుగా చెప్పండి.

తేనీరు అందించడం

ముందుగా పెద్దల జాబితా తయారు చేయండి. ఎవరు ఎవరి తర్వాత కూర్చోవాలో వయసును బట్టి కాక బంధుత్వపు వరుసను బట్టి నిర్ణయిస్తారు. కొన్ని ఇళ్లలో తల్లిదండ్రులకు మొదట, కొన్నింటిలో తాతలకు మొదట అందిస్తారు; ఆ తర్వాత తండ్రి వైపు పెద్దలు, తల్లి వైపు పెద్దలు, చివరికి పెళ్లయిన అన్నలు, అక్కలు వస్తారు. తేనీరు ఏ ఇంట్లో ముందు జరగాలన్నది కూడా ఒక్కటిగా లేదు: ఉదయం వధువు ఇంట్లో ముగించి వరుడి ఇంటికి వెళ్లేవారు కొందరు, వరుడి ఇంట్లో జరిపాకనే వధువు ఇంటికి తిరిగి వచ్చేవారు కొందరు. ఒక్కో పెద్దల జంటకు మూడు నాలుగు నిమిషాల చొప్పున లెక్కగట్టి, మొత్తానికి మరో పావుగంట అదనంగా ఉంచండి.

తేనీటి సరుకు ముందు రోజే సిద్ధం చేయాలి. ఎండబెట్టిన తామర గింజలను నానబెట్టి, ఒక్కో గింజను రెండుగా తెరిచి మధ్యలోని పచ్చని మొలకను తప్పక తీసేయండి. అది ఉంటే పానీయమంతా చేదెక్కుతుంది. ఒక్కో కప్పులో రెండు ఎర్ర రేగుపండ్లు, రెండు తామర గింజలు వచ్చేలా లెక్కించి, కొద్దిగా ఎండు లాంగన్ కలిపి, గింజలు మెత్తబడేదాకా సన్నని సెగ మీద కాచి, చివర్లో కలకండ వేయండి. కొందరు ఇందులో తేయాకు డికాషను కలుపుతారు, కొందరు తియ్యని ఈ కషాయాన్నే తేనీరుగా ఇస్తారు. పెద్దవారు అందుకున్న వెంటనే తాగుతారు కనుక గోరువెచ్చగా ఉండాలి. చిన్న కప్పును అంచు దాకా నింపితే చేతులు వణికే వృద్ధుల దుస్తుల మీద ఒలుకుతుంది కనుక ముప్పావు వంతే పోయండి. కప్పులు కడిగి తుడిచి మళ్లీ నింపడానికి వెనక ఇద్దరు మనుషులు ఉండాలి.

పెద్దలు కుర్చీల్లో కూర్చుంటారు. ఎడమ పురుషునిది, కుడి స్త్రీది అన్న సూత్రాన్ని బట్టి ఎవరు ఎటు ఉండాలో దాయ్ కమ్ జె చూపిస్తుంది. తల్లిదండ్రులకు, తాతలకు, నానమ్మ, అమ్మమ్మలకు వధూవరులు ఎర్ర మెత్తల మీద మోకరిల్లి, మిగిలినవారికి నిలబడి వంగి అందిస్తారు. మొదట భర్తకు, తర్వాత భార్యకు, రెండు చేతులతో కప్పు పట్టుకుని, వరుస పెట్టి పిలిచి, కాంటనీస్‌లో 'యమ్ చా' (తేనీరు తాగండి) అని కోరాలి. పిలుపు లేకుండా అందించిన కప్పును కొందరు వృద్ధులు అందుకోకుండా ఆగుతారు. పిలవడమంటే ఈ కుటుంబంలో మీ స్థానం ఇది అని ఒప్పుకోవడం. కొత్త కోడలు ఆ ఇంటి మనిషి అయ్యేది ఆ పిలుపుతోనే.

ఈ ఒక్క విషయంలో తెలుగువారికి గొప్ప వెసులుబాటు ఉంది. తండ్రి అన్నకు ఒక పేరు, తమ్ముడికి ఒక పేరు, తల్లి సోదరుడికి మరో పేరు ఉండటం మనకు పుట్టుకతో తెలిసిన సంగతే కనుక, వారి పిలుపులను మన వరుసల పక్కన రాసుకుంటే ఒక్క పూటలో వచ్చేస్తాయి. పెదనాన్న బాక్ ఫూ, చిన్నాన్న సుక్ సుక్, మేనమామ కౌ ఫూ, పెద్దమ్మ (తల్లికి అక్క) యీ మా, పిన్ని (తల్లికి చెల్లెలు) ఆ యీ. మేనత్త దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం: తండ్రికి అక్క అయితే గూ మా, చెల్లెలైతే గూ జె. తండ్రి తండ్రి యే యే, తండ్రి తల్లి మా మా, తల్లి తండ్రి గోంగ్ గోంగ్, తల్లి తల్లి పో పో. అత్తమామలను కొత్త కోడలు పాత పద్ధతిలో లౌ యే, నాయ్ నాయ్ అని పిలుస్తుంది, ఇప్పుడు చాలామంది బా బా, మా మా అంటున్నారు. స్వరం ఎత్తుపల్లాలు కాగితం మీద పట్టుబడవు కనుక, ప్రతి పిలుపునూ కాబోయే జీవిత భాగస్వామి చేత పలికించి ఫోనులో రికార్డు చేసుకుని సాధన చేయండి. అలాగే తెలుగు పెద్దల వరుసలను అవతలివారికి నేర్పండి. 'బాబాయ్ గారూ, తీసుకోండి' అని ఒక చైనా కోడలు తడబడుతూ పలికిన మాట విన్న బాబాయి ఆ కప్పును ఎంత ఇష్టంగా అందుకుంటారో ఊహించండి.

పెద్దలు ఒకటి రెండు గుక్కలు తాగి, కప్పు ట్రేలో పెట్టి, ఎర్ర కవరు గాని నగ గాని ఇచ్చి దీవిస్తారు. గొలుసు, గాజులు ఇస్తే అప్పటికప్పుడే వధువుకు తొడగడం ఆచారం. డ్రాగన్, ఫీనిక్స్ చెక్కిన జంట కంకణాలు అన్నింటికంటే ఇష్టంగా పెట్టే నగ. తెలుగు పెద్దలకు ఇక్కడ ఒక హెచ్చరిక. మనం శుభమని చదివించే 116, 1,116 సరిసంఖ్యలే. వారికీ సరిసంఖ్యే శుభం, కాని 4 అంకె మరణాన్ని స్ఫురింపజేస్తుంది కనుక వర్జ్యం. 88, 168, 288 వంటి మొత్తాలను కొత్త నోట్లతో ఎర్ర కవరులో పెట్టండి. తెల్ల కవరు చావింటికి ఇచ్చేది. గోడ గడియారం, కత్తులు బహుమతిగా ఇవ్వకండి, తెలుపు, నలుపు దుస్తులతో రాకండి. కవరును ఇచ్చినవారి ఎదుట విప్పకూడదన్నది వధూవరులు గుర్తుంచుకోవలసిన మాట.

పెద్దల వంతు ముగిశాక తమ్ముళ్లు, చెల్లెళ్లు, పెళ్లికాని చిన్నవారు వధూవరులను కూర్చోబెట్టి తేనీరు ఇస్తారు, ఈసారి కవర్లు ఇవ్వవలసింది వధూవరులే. వాటిని లెక్క కంటే పది ఎక్కువ తెచ్చుకోండి, చెప్పకుండా వచ్చే పిల్లలు ఎప్పుడూ ఉంటారు.

విందు

పది మంది కూర్చునే గుండ్రని బల్లల మీద ఎనిమిది లేదా తొమ్మిది వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. శాకాహార బల్లలు ఎన్ని కావాలో హోటలువారికి రాతపూర్వకంగా ముందే ఇవ్వండి. కూరల్లో ఆయిస్టర్ సాస్, ఎండు రొయ్యలు, మాంసపు రసం కలపవద్దని విడిగా పేర్కొనాలి. అక్కడి బౌద్ధ శాకాహారంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు కనుక మన పెద్దలకు అది నిశ్చింత. వధూవరులు, ఇరువైపుల తల్లిదండ్రులు బల్ల బల్లకూ వెళ్లినప్పుడు మలేషియా, సింగపూర్‌లలో అతిథులు 'యమ్ సెంగ్' అని ఊపిరి ఉన్నంతసేపు సాగదీసి కేక వేస్తారు. మద్యం ముట్టనివారు తేనీటి కప్పు ఎత్తితే ఎవరూ తప్పు పట్టరు.

మూడో నాడు

పెళ్లయిన మూడో రోజున భార్యాభర్తలు వధువు పుట్టింటికి వెళ్తారు. కాంటనీస్ ఇళ్లలో కాల్చిన పంది, పండ్లు, కేకులు, మద్యం తీసుకెళ్లడం, పంది తలను, తోకను పుట్టింటివారు తిరిగి పంపడం పూర్వాచారం. శాకాహార ఇంటికి వెళ్లేవారు పండ్లు, మిఠాయిలు జంటలుగా పట్టుకెళ్తే సరిపోతుంది. ఇప్పుడు సెలవులు దొరక్క చాలామంది దీన్ని పెళ్లి రోజునే ముగిస్తున్నారు. మీకు వీలుంటే మూడో రోజునే పెట్టుకోండి, ఎందుకంటే పెళ్లి హడావిడిలో రెండు కుటుంబాలు ఒకరితో ఒకరు నిదానంగా మాట్లాడుకునే అవకాశం అంతకు ముందు రాదు. పుట్టింటివారు మధ్యాహ్న భోజనం పెట్టి, తెచ్చిన కానుకల్లో కొంత తిరిగి సర్ది ఇవ్వాలి, కొత్త జంట సూర్యాస్తమయానికి ముందే బయలుదేరాలి.